డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ల చేతికి పని: ఒడిశా సరిహద్దు వృద్ధాశ్రమాల సిబ్బందికి

పొద్దున్న టిఫిను అయ్యాక డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దవాళ్లను టీవీ ముందు వరసగా కూర్చోబెట్టేస్తే మధ్యాహ్నం దాకా హాలు నిమ్మళంగానే ఉంటుంది. గొడవంతా సాయంత్రం ఐదు దాటాక మొదలవుతుంది. ఒకరు గేటు పట్టుకుని ‘ఇంటికెళ్లాలి’ అంటారు. ఒకరు పక్కావిడ బీరువా తీసి బట్టలు మూటకడతారు. ఇంకొకరు ఆయమ్మ కొంగు వదలరు. పగలంతా చేతులకు పనిలేక కునికిపాట్లు పడి, చీకటిపడే వేళకు అలసట, అయోమయం రెండూ కలిసి మీదపడటమే ఇందులో చాలావరకు కారణం. నిద్రమాత్ర కోసం డాక్టరుగారిని అడిగేముందు పగటిపూట ఏం జరుగుతోందో మార్చి చూడాలి.

ఇది బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఆశ్రమాల్లో పనిచేసేవాళ్ల కోసం. మన దగ్గరకు వచ్చే పెద్దవాళ్లు మగ్గం మీద, సముద్రం మీద, పొలంలో, బడిలో, కిరాణా కొట్టులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు. డిమెన్షియాకు ఎక్కువగా కారణమయ్యే ఆల్జీమర్స్ జబ్బులో నిన్నటి సంగతి గుర్తుపెట్టుకునే మెదడు భాగం ముందుగా దెబ్బతింటుంది. చేతికి అలవాటైన పనిని నడిపించే భాగాలు వేరు, అవి చాలాకాలం నిలుస్తాయి. అందుకే కూతురి పేరు చెప్పలేని మామ్మ మల్లెపూలు ఇస్తే తడుముకోకుండా దండ కట్టేస్తుంది. పని మొత్తం చేయలేకపోవచ్చు, కానీ అందులో ఏదో ఒక మెట్టు ఆవిడ చేతిలో ఇంకా ఉంటుంది. ఆ మెట్టు కనిపెట్టి అందించడమే మన పని.

ముందు ఒక పేజీ రాసుకోండి

చేర్చుకునే రోజునే ఇంటివాళ్లను అడిగి ఒక్క పేజీ నింపాలి. ‘ఏమిష్టం?’ అని అడిగితే ‘టీవీ చూస్తారు, పూజ చేస్తారు’ అని చెప్పి ఊరుకుంటారు. ప్రశ్న సన్నగా ఉండాలి. ఎన్నింటికి లేచేవారు? లేవగానే మొదట చేసే పని ఏమిటి? కుడిచేతి వాటమా, ఎడమా? కూర్చునేది పీట మీదా, మంచం మీదా, కుర్చీలోనా? ఇంట్లో ఏమని పిలిచేవారు, బయట ఏమని పిలిచేవారు? దేనికి చిరాకుపడతారు? దేనికి ఏడుస్తారు?

వృత్తి దగ్గర ఇంకాస్త తవ్వాలి. ‘నేతపని’ అని ఒక్క ముక్క రాసుకుంటే ఉపయోగం లేదు. నేత ఇంట్లో కండెలకు దారం చుట్టేది ఒకరు, ఆసు పోసేది (పడుగు దారాలు సిద్ధం చేసేది) ఒకరు, మగ్గం మీద కూర్చునేది ఇంకొకరు. కండెలు చుట్టిన మనిషికి మగ్గంలో దారాన్ని అటూ ఇటూ నడిపే నాడె ఇస్తే అయోమయమే మిగులుతుంది. బడిలో పనిచేసినవారయితే ఏ తరగతికి, ఏ భాషలో చెప్పారో రాసుకోండి. పిలుపు కూడా అక్కడే తేల్చుకోవాలి. ముప్పై ఏళ్లు ‘మేస్టారూ’ అనిపించుకున్నాయన ‘తాతా’ అంటే తల తిప్పరు, ‘మేస్టారూ’ అంటే లేచి వస్తారు.

భాష

మన ప్రాంతపు ఆశ్రమాల్లో దీన్నే ఎక్కువగా వదిలేస్తున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో, ఆఫీసులో, బజారులో ఒడియా, ఇదీ ఇక్కడి పెద్దవాళ్ల బతుకు. డిమెన్షియా ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి, తల్లి ఒడిలో నేర్చుకున్నది మిగలడం తరచుగా కనిపిస్తుంది. నిన్నటి దాకా ఒడియాలో చక్కగా మాట్లాడిన ఆయన ఇవాళ తెలుగులోనే జవాబిస్తారు. ఆయమ్మకు తెలుగు రాకపోతే ‘ఏదో గొణుగుతున్నారు’ అనుకుంటుంది. ఆయన ‘దొడ్లోకెళ్లాలి’ అని మూడుసార్లు చెప్పి, నాలుగోసారి మంచం తడిపేస్తారు. రికార్డులో మాత్రం ‘మూత్రం మీద అదుపు లేదు’ అని ఎక్కుతుంది.

తెలుగు రాని సిబ్బందికి నలభై మాటలు చాలు. తెలుగు మాటను ఒడియా లిపిలో రాసి, పక్కన దాని అర్థం రాసి, మంచం పక్క గోడకు అంటించండి. నీళ్లు, అన్నం, నొప్పి, ఉక్క, చలి, భయం, ఒంటికెళ్లాలి, దొడ్లోకెళ్లాలి, కడుపులో తిప్పుతోంది, కూర్చోండి, నెమ్మదిగా, ఇలా పట్టుకోండి. పని చూపించేటప్పుడు వాడే క్రియలు కూడా అందులో ఉండాలి: చుట్టండి, మడవండి, తుడవండి, ఏరండి, కట్టండి. రెండు భాషలూ కలిపి మాట్లాడితే సరిదిద్దకండి. ఇంట్లో వాళ్లు జీవితమంతా అలాగే మాట్లాడారు.

వేళ, బల్ల, వెలుతురు

చాలామందికి పొద్దున్న పదికీ పదకొండున్నరకీ మధ్య మనసు తేటగా ఉంటుంది. కొత్త పని ఏదైనా ఆ వేళకే పెట్టాలి. మొదట ఇరవై నిమిషాలు చాలు, బాగా లీనమైతే నలభై దాకా పోనివ్వచ్చు. గుంపులో నలుగురు, మహా అయితే ఐదుగురు. వాళ్లకు ఇద్దరు సిబ్బంది ఉండాలి. పదిమందిని చుట్టూ కూర్చోబెట్టి ఒకరు పాట పాడిస్తే ముగ్గురు పాడతారు, మిగతావాళ్లు నిద్రపోతారు. ఫోటోకు బాగుంటుంది, అంతే.

కూర్చోబెట్టే ముందు ఒంటికి తీసుకెళ్లి, నీళ్లు తాగించి, కళ్లద్దాలు తుడిచి పెట్టండి. వినికిడి మెషిను పెట్టుకునేవారయితే బ్యాటరీ చూడండి. ‘సహకరించడం లేదు’ అనిపించుకున్నవాళ్లలో కొందరికి కళ్లద్దాలు డ్రాయరులో ఉంటాయి, అంతకుమించి ఏమీ లేదు.

బల్ల మోచేతి ఎత్తుకు రావాలి, అంటే మామూలుగా 70 – 75 సెంటీమీటర్లు. కుర్చీకి చేతులుండాలి, పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. జీవితమంతా పీట మీద కూర్చుని పనిచేసిన మామ్మను కుర్చీలో కూర్చోబెడితే చేతులు ఆడకపోవచ్చు. అలాంటప్పుడు ఎత్తు తక్కువ నులకమంచం మీద కూర్చోబెట్టి, ముందు చిన్న బల్ల వేయండి. నేల మీద కూర్చోబెడితే లేపేటప్పుడు పడిపోయే ప్రమాదం ఎక్కువ. కిటికీ వాళ్ల వెనకో పక్కనో ఉండాలి. ఎదురుగా ఉంటే వెలుగు కళ్లలో కొట్టి బల్ల మీదున్నది కనబడదు. టీవీ కట్టేయండి. పత్తి, ఆకులు పెట్టినప్పుడు ఫ్యాను కూడా కట్టేయండి.

రంగు తేడా మరచిపోకూడదు. ఈ జబ్బులో ఒక వస్తువును దాని వెనకున్న రంగు నుంచి విడదీసి చూసే శక్తి తగ్గుతుంది. తెల్లగుడ్డ మీద తెల్ల పత్తి పెడితే వాళ్లకు అక్కడ ఏమీ లేనట్టే. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ బల్లగుడ్డలు రెండు కొనిపెట్టండి. అన్నం పళ్లేనికీ ఇదే లెక్క. మెరిసే స్టీలు కంచంలో తెల్లన్నం వదిలేసేవారు రంగు పళ్లెంలో పెడితే తింటారు.

ఎలా చూపించాలి

పిల్లలకు చేతిపని ద్వారా నేర్పే మాంటిస్సోరి పద్ధతిని 1990లలో అమెరికాలో కామెరాన్ క్యాంప్ అనే మనస్తత్వవేత్త డిమెన్షియా ఉన్నవాళ్లకు తగ్గట్టు మలిచారు. అందులోంచి మనం తీసుకోవలసింది మూడు సంగతులు: మాట తగ్గించి చేసి చూపించడం, పనిని ముక్కలుగా విడగొట్టడం, తప్పు జరిగే వీలు లేకుండా ముందే అమర్చడం.

ఎదురుగా కాకుండా, ఆ మనిషి వాటం చేయి ఉన్న పక్కన కూర్చోండి. మాట్లాడకుండా ఒకసారి నెమ్మదిగా చేసి చూపించండి. మాట్లాడుతూ చేస్తే చెవి ఒకవైపు, కన్ను ఒకవైపు పోతాయి. వస్తువు చేతికి అందించి ఒక్క వాక్యం చెప్పండి: ‘మామ్మా, ఇది చుట్టిపెట్టవా.’ తర్వాత మనసులో పది లెక్కపెట్టండి. ఇది సిబ్బందికి చాలా కష్టం. మూడు లెక్కపెట్టేలోపే ‘ఇలాగమ్మా, ఇలాగ’ అని లాక్కుని చేసేస్తాం. వాళ్ల మెదడుకు మాట చేరి చేయి కదలడానికి ఆ పది కావాలి. పది దాటినా కదలకపోతే మీ చేతిని వాళ్ల చేతి కింద పెట్టి కదలిక మొదలుపెట్టండి. పైనుంచి పట్టుకుంటే పట్టి లాగినట్టుంటుంది, విదిలించుకుంటారు.

‘గుర్తుందా?’ అని ఎప్పుడూ అడగకండి. ‘నేనెవరో చెప్పు తాతా’ అని కూడా వద్దు. అది పరీక్ష, తప్పుతామని వాళ్లకు తెలుసు. ప్రశ్న బదులు మాట అందించండి. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చి, 1931లో గుణుపురం దాకా సాగిన చిన్న రైలు ఫోటో చేతికిచ్చి, ‘ఈ చిన్న రైలు కంటే సైకిలే ముందు పోయేదనేవారట’ అంటే చాలు. చెప్పగలిగినవాళ్లు అందుకుంటారు, చెప్పలేనివాళ్లు నవ్వుతారు. ఇద్దరూ పాల్గొన్నట్టే.

దగ్గర్నుంచి ఒక పని: ఒత్తులు

ఒత్తులు చేయడం ఈ ప్రాంతానికి బాగా సరిపోతుంది. ఒడియా ఇళ్లలోనూ మనవాళ్ల ఇళ్లలోనూ మార్గశిర గురువారాలు లక్ష్మీపూజ చేసి దీపాలు పెడతారు కాబట్టి ఎవరికీ కొత్త కాదు.

కావలసినవి: గింజ తీసిన పత్తి, మనిషికి 10 గ్రాములు. ముదురు రంగు గుడ్డ. చిన్న గిన్నెలో నాలుగు చుక్కల పాలు, లేదా చిటికెడు విభూతి. ఒత్తులు పెట్టడానికి వెడల్పు మూత ఉన్న డబ్బా. మందుల షాపు దూది అదిమి ఉంటుంది కాబట్టి ముందురోజే విడదీసి ఆరబెట్టండి. వానాకాలంలో పత్తి చెమ్మగిల్లి చుట్టుకోదు, రెండు మూడుసార్లు ప్రయత్నించి విసుగొచ్చి విసిరేస్తారు. వాడే ముందు గంటసేపు ఎండలోనో వేడి తగిలే చోటనో పెట్టాలి.

జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లకు పత్తి ఇచ్చేసి పక్కకు తప్పుకోండి. పొడవెంత, లావెంత అని చెప్పవద్దు. మధ్యదశలో ఉన్నవాళ్లకు పత్తి పింజను మనమే ఉసిరికాయంత తుంచి, వేలికి పాలు అద్ది, అరచేతిలో పెట్టాలి. చుట్టడం వాళ్లు చేస్తారు. చుట్టడం కూడా తప్పుతుంటే మనం చుట్టినవాటిని ఒకేవైపు తిప్పి డబ్బాలో పేర్చే పని ఇవ్వాలి. అదీ పోయాక పత్తిని నలపడం, విడదీయడం మిగులుతుంది. ఒకే బల్ల దగ్గర నలుగురు నాలుగు మెట్ల మీద ఉంటే ఒకరి చేతినుంచి ఒకరికి పని నడుస్తుంది. ఎవరూ వెనకబడినట్టు ఉండదు.

చేసిన ఒత్తులు ఆ సాయంత్రమే దీపంలో వెలగాలి, ‘ఇవి మామ్మ చేసినవి’ అని అందరి ముందూ చెప్పాలి. ఎప్పటికీ చేయకూడనిది ఒకటుంది: చేసిన పనిని వాళ్ల కళ్లముందే విప్పి, కలిపి, రేపటికోసం మళ్లీ ఇవ్వడం. మరచిపోతారులే అనుకుంటాం. సంగతి మరచిపోయినా అవమానం కడుపులో ఉండిపోతుంది, తర్వాత మీ చేతినుంచి ఏదీ తీసుకోరు. ఆస్తమా, విడవని దగ్గు ఉన్నవాళ్లకు మాత్రం పత్తి పని వద్దు.

మిగతా చేతిపనులు, వాటి తిప్పలు

నేతవాళ్లకు అసలు పట్టుదారం ఇవ్వకండి, కనబడదు, తెగుతుంది. నేసే చేతికి దారం తెగితే మనసు కలతపడుతుంది. రంగు వేసిన లావు నూలు, చిన్న రాట్నం బల్లకు బిగించి ఇవ్వండి. కదురు మొనకు బిరడా గుచ్చండి. పక్కన ఒకరు కూర్చుని తెగిన చోటల్లా ముడి వేస్తూ ఉండాలి. బొమ్మ మగ్గాలు, ప్లాస్టిక్ మగ్గాలు తేవద్దు. జీవితమంతా బరంపురం పట్టు నేసిన మనిషికి అది ఆటబొమ్మ అని ముట్టుకోగానే తెలుస్తుంది.

గోపాలపురం వైపు చేపలవేట కుటుంబాల వాళ్లకు వల అల్లడం బాగా నిలుస్తుంది. సన్న నైలాను వేలు కోస్తుంది. 3 మిల్లీమీటర్ల నూలుతాడు తీసుకోండి. ఎదురు ఛాతీ ఎత్తులో కిటికీ ఊచకు కట్టి, మొన అరగదీసిన వెదురు సూది ఇవ్వండి. కొత్త వల మొదలుపెట్టమంటే చాలామంది తడబడతారు. సగం అల్లిన ముక్క ఇస్తే అక్కడినుంచి అందుకుంటారు.

రాయగడ, గుణుపురం వైపు అడ్డాకులు దొరుకుతాయి. ఎండిన ఆకు మడతపెడితే విరుగుతుంది. గంట ముందు నీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. తుడవడం, సైజు చూసి పేర్చడం ఎవరికైనా ఇవ్వచ్చు. పుల్లతో కుట్టడం చూపు బాగున్నవాళ్లకే. భోజనానికి ముందు పుల్లలు లెక్కపెట్టి తీసుకోవాలి. ఆ విస్తళ్లలోనే మధ్యాహ్నం వడ్డించండి.

మగవాళ్ల సంగతి ప్రత్యేకంగా చూడాలి. వంటింటి గడప తొక్కని తాతకు చిక్కుడుకాయలు ఇస్తే చిన్నతనం అనుకుంటారు, నిజానికి అందులో తప్పేమీ లేదు. కొట్టు నడిపినాయనకు పొడుగు లెక్కల పుస్తకం, పెన్ను, సరుకు వచ్చినప్పుడల్లా ‘బియ్యం రెండు బస్తాలు, రాసుకోండి’ అన్న మాట కావాలి. మేస్టారికి పెద్ద అక్షరాలతో రాసి, కావాలనే తప్పులు పెట్టిన ఉక్తలేఖనం కాగితాలు, ఎర్రసిరా పెన్ను. రైతుకు ఒక మడి, మొక్కలకు నీళ్లు పోసే వంతు. చెంబు సగమే నింపండి, నిండా ఉంటే మోయలేక కాళ్ల మీద ఒలకబోసుకుంటారు, తడినేల మీద జారుతారు.

నోట్లోకి వెళ్లేవి

పప్పులు ఏరడం, చింతపిక్కలు తీయడం మంచి పనులే, కానీ వస్తువును నోట్లో పెట్టుకునే అలవాటు మొదలైనవాళ్లకు అవి ప్రమాదం. గొంతుకు అడ్డం పడుతుంది. వాళ్లకు ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, తువ్వాళ్లు, పెద్ద వస్తువులే ఇవ్వాలి. పూలు కట్టించేటప్పుడు గన్నేరు, పచ్చగన్నేరు బల్లమీదికే రానివ్వకండి. పూజకు వాడతాం కదా అని తెచ్చేస్తారు, రెండూ విషం, గుండె మీద పనిచేస్తాయి. బంతి, చామంతి, మల్లె చాలు. కత్తిపీట వద్దు. వంటలో చేయి కలపాలంటే పిండి కలపడం, అప్పడాలకు ఉండలు చేయడం ఉన్నాయి. పచ్చిపిండి నోట్లో వేసుకోకుండా పక్కన ఒకరుండాలి.

చీకటి పడే వేళ

డిసెంబరులో బరంపురంలో ఐదుంపావుకే పొద్దు కుంకుతుంది. నీడలు పొడుగయ్యేసరికి గోడ మీద మనుషులు కనబడతారు, భయం మొదలవుతుంది. నాలుగున్నరకే లైట్లన్నీ వేసి తెరలు మూసేయండి. ఆ వేళకు కొత్త పనులు వద్దు. ఆరిన బట్టలు మడతపెట్టడం, వరండాలో నాలుగు చుట్లు నడవడం, దీపం సర్దడం లాంటివి పెట్టండి. పాటలయితే వాళ్లకు పదిహేను నుంచి పాతికేళ్ల వయసులో వచ్చినవి ఎంచుకోండి. ఇప్పుడు ఎనభై ఏళ్లవాళ్లకు 1960 – 1970 మధ్యవి. మంగళహారతులు, దంపుడు పాటలు ఇంకా లోతున ఉంటాయి.

‘ఇంటికెళ్లాలి’ అంటే ‘ఇదే మీ ఇల్లు’ అని వాదించకండి. ముందు ఒంటికి, ఆకలి, నొప్పి, ఈ మూడూ చూడండి. తర్వాత ‘ఇంట్లో ఎవరున్నారమ్మా?’ అంటూ పక్కనే నడవండి. ‘పిల్లలు బడినుంచి వస్తారు, అన్నం పెట్టాలి’ అంటే ఆవిడకు కావలసింది ఎవరికైనా అన్నం పెట్టడం. గిన్నె, గరిటె చేతికిచ్చి వడ్డింపులో చేయి కలపనివ్వండి.

మంచం పట్టాక

మాట పోయి, మంచం మీదే ఉన్నవాళ్లకు ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. గోరువెచ్చని కొబ్బరినూనెతో ఒక్కో చేయి నెమ్మదిగా రాయడం, పట్టుచీర ముక్క వేళ్ల మధ్య పెట్టడం, మల్లెపూవు ముక్కు దగ్గరకు తేవడం. ఒకసారికి ఒక్కటే. పాట, వాసన, స్పర్శ కలిపి మీద పోస్తే బెదురుతారు. నుదురు ముడివేసినా, చేయి వెనక్కి లాక్కున్నా, ఊపిరి వేగమైనా ఆపేయండి. వేళ్లు గుడ్డను పట్టుకున్నా, కళ్లు మీవైపు తిరిగినా అది జవాబే.

రాసిపెట్టుకోవలసింది

ఒక నోటుబుక్కులో నాలుగు గడులు చాలు: ఏ పని, ఎంతసేపు, ముఖం ఎలా ఉంది, రేపు ఏం మార్చాలి. ‘బాగా చేశారు’ అని రాస్తే పనికిరాదు. ‘12 నిమిషాలు చుట్టారు, ఫ్యాను వేయగానే లేచిపోయారు’ అని రాయాలి. ఒక పనిని మూడు వేర్వేరు రోజులు పెట్టినా ముట్టుకోకపోతే వదిలేసి ఇంకో మెట్టు చూడండి.

నిన్న అరగంట పనిచేసిన మనిషి ఒకటి రెండు రోజుల్లోనే ఒక్కసారిగా మగతలో పడినా, లేనివి కనబడుతున్నాయన్నా, విపరీతంగా తిరుగుతున్నా అది పనికి సంబంధించిన సమస్య కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షను, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా కావచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించాలి. డిమెన్షియా ముదిరిందని రాసి ఊరుకోకూడదు.

ఇంటివాళ్లు ఆదివారం వచ్చినప్పుడు కూడా ఆ నోటుబుక్కు చూపించండి. కొడుకు వచ్చి ‘నేనెవరో చెప్పమ్మా’ అని పదినిమిషాలు అడిగి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోవడం ప్రతిచోటా జరిగేదే. ఆయన రాగానే పూలబుట్ట, దారం చేతిలో పెట్టి తల్లి పక్కన కూర్చోబెట్టండి. ఆవిడ కడుతుంది, ఆయన అందిస్తాడు. పలకరింపులకు మాటలు వెతుక్కునే అవసరం ఇద్దరికీ ఉండదు.